మాటల మూట: చాదస్తం

"మా అమ్మమ్మది ఒట్టి చాదస్తం!" ఈ మాట వినపడని ఇల్లు ఉండదు. పిల్లలంటారు, పెద్దలూ అంటారు. అయితే ఈ మాట ఒకప్పుడు ఎంత గౌరవంగా బతికిందో చాలామందికి తెలియదు.

ముందు దీని అర్థం చూద్దాం. నియమాలు పాటించటం మంచిదే. కాని ఒక నియమం దేనికోసం ఏర్పడిందో మరిచిపోయి, సమయమూ సందర్భమూ చూడకుండా, దాన్నే పట్టుకు వేళ్ళాడటాన్ని చాదస్తమంటారు.

జఫర్‌గఢ్‌లో ఒక పంతులుగారున్నారనుకుందాం. వ్యాకరణమంటే ఆయనకు ప్రాణం. ఒకనాడు శిష్యుడొకడు రొప్పుతూ వచ్చి, "సారూ! మీ గడ్డివాముకు నిప్పంటుకుంది!" అన్నాడు.

"అంటుకుంది ఏమిటిరా? అంటుకొనినది అనాలి. ఏదీ, మళ్ళీ చెప్పు," అన్నారాయన.

కుర్రవాడు కంగారులో మూడుసార్లు తప్పు చెప్పి, నాలుగోసారి సరిగా చెప్పాడు. పంతులుగారు సంతోషించి, తీరిగ్గా బయటికి వచ్చేసరికి గడ్డివాము బూడిదయి కూచున్నది! ఆయన చెప్పిన వ్యాకరణంలో తప్పు లేదు. కాని అది వ్యాకరణం చెప్పే వేళ కాదు. చాదస్తమంటే అదీ.

ఇక ఈ మాట పుట్టుక చూడండి. సంస్కృతంలో ఛందస్సు అంటే వేదం. వ్యాకరణం రాసిన పాణిని కూడా వేదభాషను ఛందస్సు అనే అన్నాడు. ఆ ఛందస్సు చదివినవాడు ఛాందసుడు. అంటే వేదపండితుడన్నమాట. అతని గుణం ఛాందసత్వం. ఈ మాట జనం నోళ్ళలో నలిగింది. మొదట ఉన్న ఒత్తు పోయింది, సున్న పోయింది, చివరి "సత్వం" కాస్తా "స్తం" అయింది. చాదస్తం మిగిలింది!

పండితుడి గుణం వెక్కిరింత ఎలా అయింది? వేదాన్ని పూర్వం పుస్తకం చూసి చదివేవారు కారు. గురువు నోట విని కంఠస్థం చేసేవారు. ఒక్క అక్షరం జారినా, ఒక్క స్వరం తప్పినా పాఠం చెడిపోతుంది. అందుచేత వారు అంత పట్టుదలగా ఉండవలసి వచ్చింది. వేదపాఠంలో ఆ పట్టుదల అవసరమే. కాని దాన్నే వంటింట్లోనూ, సంతలోనూ, గడ్డివాము దగ్గరా చూపిస్తే ఊరివాళ్ళు నవ్వరూ?

ఇటువంటిది మన భాషలోనే జరగలేదు. ఇంగ్లీషులో అతి మర్యాదగా ఉంటూ, చిన్న చిన్న వాటికి కూడా ముఖం చిట్లించే మనిషిని "ప్రూడ్" అంటారు. ఇది ఫ్రెంచి నుంచి వచ్చిన మాట. పూర్వం అక్కడ దానికి మంచి స్త్రీ, గౌరవనీయురాలు అని అర్థం. చదువు ప్రదర్శించుకునేవాణ్ణి "పెడంట్" అంటారు. ఇటాలియనులో ఆ మాటకు మొదటి అర్థం ఉపాధ్యాయుడు! మంచి గుణమైనా హద్దు దాటితే దాని పేరే వెక్కిరింత అవుతుందని అన్ని దేశాల వాళ్ళూ గ్రహించారన్నమాట.

అయితే, ఛందస్సు చదివిన ప్రతివాడూ చాదస్తుడు కాడు. జఫర్‌గఢ్ ఉన్న జనగామ జిల్లాలోనే పాలకుర్తి ఉన్నది. కాకతీయుల కాలం నాటి మహాకవి పాల్కురికి సోమనాథుడి ఊరు అది. ఆయన వేదాలెరిగినవాడు, "చతుర్వేదసారం" రాసినవాడు. ఛందస్సు అనే మాటకు పద్యాల నడక అనే మరో అర్థం ఉన్నది గదా, అందులోనూ ఆయన దిట్ట. కాని "బసవపురాణం" రాసేటప్పుడు ఆయన పండితులు మెచ్చే సంస్కృత వృత్తాలను ఎంచుకోలేదు. అందరూ పాడుకోవటానికి వీలైన ద్విపదనూ, అందరికీ తెలిసే జాను తెనుగునూ ఎంచుకున్నాడు. ఎందుచేతనంటే, కథ జనానికి చేరటమే ఆయనకు కావాలి.

ఆ పుస్తకంలో గొడగూచి అనే చిన్నపిల్ల కథ ఉంది. తండ్రి పొరుగూరు వెళుతూ, శివుడికి పాలు నైవేద్యం పెట్టమని ఆమెకు చెప్పాడు. నైవేద్యమంటే దేవుడికి చూపించి తిరిగి తెచ్చుకోవటమని ఆ పిల్లకు తెలియదు. దేవుడు నిజంగానే తాగాలనుకుని, తాగకపోతే ఏడ్చింది. ఆ ఏడుపు చూసి శివుడు వచ్చి పాలు తాగాడట! పద్ధతి తెలియని పసిదాని ప్రేమే సోమనాథుడికి గొప్పగా కనిపించింది. పాత అర్థంలో ఆయన ఛాందసుడే. కొత్త అర్థంలో మాత్రం కాడు!

ఇంకొక సంగతి. జాగ్రత్తగా ఉండే వారందరినీ చాదస్తులనటం కూడా పొరపాటే. వియన్నా నగరంలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు ఉండేవాడు. ఆయన పనిచేసిన ప్రసూతి వార్డులో 1847 ఏప్రిల్‌లో నూటికి 18 మంది తల్లులు బాలింత జ్వరంతో చనిపోయారు. డాక్టర్లు శవాలను కోసి పరీక్షించిన చేతులతోనే కాన్పులు చేస్తున్నారని ఆయన గ్రహించి, క్లోరిన్ కలిపిన సున్నపు నీళ్ళతో చేతులు కడుక్కుని తీరాలని నియమం పెట్టాడు. జూన్ నాటికి చావులు నూటికి సుమారు 2కు తగ్గాయి! అయినా చాలామంది డాక్టర్లు ఆయన మాట లెక్కచెయ్యలేదు. రోగాలకు క్రిములు కారణమని అప్పటికింకా రుజువు కాలేదు. ఆయన నియమం వారికి అనవసరపు పట్టుదలగా తోచింది. ఆ పట్టుదల తల్లుల ప్రాణాలు కాపాడింది.

అందుచేత పిల్లలూ, ఈ మాట నోట వచ్చేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: "ఈ నియమం వల్ల ఇప్పుడు మేలు జరుగుతున్నదా?" బయటి నుంచి రాగానే కాళ్ళూ చేతులూ కడుక్కోమని అమ్మమ్మ అంటే అది చాదస్తం కాదు, ఆరోగ్యం. పక్కింటి పిల్లవాడు దెబ్బ తగిలి ఏడుస్తుంటే, మడి చెడుతుందని వాణ్ణి ముట్టకుండా నిలబడితే మాత్రం అది చాదస్తమే. అలా సాయానికి రాకుండా దూరంగా ఉండిపోయే వారిని "మడికట్టుకు కూచున్నాడు" అనటం అందుకే.

పెద్దలు ఒక్కొక్కప్పుడు తమను గురించి తామే, "నా చాదస్తం గాని, ఈ కాలంలో ఎవరు వింటారు?" అనుకుంటారు. ఆ మాటలో కోపం కన్న బాధ ఎక్కువ. అటువంటప్పుడు నవ్వి ఊరుకోకండి. "అది ఎందుకు చెయ్యాలి, తాతయ్యా?" అని అడగండి. కారణం తెలిస్తే పాటించటం మీకు తేలిక. కారణం లేదని తేలితే, తాతయ్యే నవ్వి వదిలెయ్యవచ్చు.