బీరువా తాళపుచెవి

మదనపల్లె సంతలో టమోటా ధర పడిపోయిన యేట మా పెద్దపంజాణి ప్రాంతపు తల్లిదండ్రులు మొదట మానుకొనునది పిల్లవాని గైడు పుస్తకమే. అట్టి యిండ్లకు వెలలేని విద్యాసామగ్రి లోకమున లేదా? పుష్కలముగా నున్నది. దానిని చూపువారే లేరు. ఆ పని పాఠశాలా గ్రంథాలయాధికారిదే యని మా యభిప్రాయము.

ఇది మన సీమకు దూరపు కథ కాదు. 1937లో చిత్తూరు జిల్లా కాటూరున జన్మించిన రాజ్ రెడ్డిగారు, అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునుండి, పది లక్షల గ్రంథముల ప్రతిబింబములను యంత్రసాయమున దీయించి యెల్లరకు నుచితముగా నీయ సంకల్పించిరి. ఆ కార్యమును వారితో గూడ నడపినవారిలో ఆ విశ్వవిద్యాలయపు గ్రంథాలయాధ్యక్షురాలు గ్లోరియానా సెయింట్ క్లెయిర్ గారొకరు. 2007 నాటికి 15 లక్షలు పూర్తియయ్యెను. మన దేశమున డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేర వేలకొలది తెలుగు గ్రంథములు చేరినవి. తరువాత హక్కుల చిక్కు వచ్చి ఆ స్థలము మూతపడెను. ప్రతులు పెక్కు ఇంటర్నెట్ ఆర్కైవున నిలిచినవి.

ఆ చిక్కునుండి నేర్వవలసినదొకటి గలదు: ఉచితము వేఱు, అనుమతి వేఱు. ఎన్.సి.ఇ.ఆర్.టి. వారి పుస్తకము నెవరైనను వెలలేక చదువవచ్చును, మార్చి అచ్చువేయరాదు. రైస్ విశ్వవిద్యాలయమువారు 2012 నుండి వెలువరించుచున్న ఓపెన్‌స్టాక్స్ పాఠ్యపుస్తకములను ప్రతిదీయవచ్చును, తెలుగుచేయవచ్చును, అందలి మంచు బండ్ల లెక్క తీసి చింతపండు తూకపు లెక్క పెట్టవచ్చును. గ్రంథకర్త గతించిన 60 సంవత్సరములకు ఆయన గ్రంథము మన దేశమున నందరిదగును. 1919లో గతించిన వీరేశలింగము పంతులుగారి రచనలట్టివే. ఈ భేదమును బాలురకు బోధింపగలవాడు గ్రంథాలయాధికారిగాక మఱెవ్వరు?

తెర చేతికిచ్చిన పిల్లలు ఆటలలో పడుదురని కొందఱు ఉపాధ్యాయులందురు. ఆ భయము మాకును గలదు. కావుననే కాగితముపై దీసి, కుట్టి, బీరువాలో నుంచుడనుచున్నాము. 1935లో పాతూరి నాగభూషణము గారు కృష్ణాతీరపు కాలువపై పడవలో పుస్తకములను పల్లెలకు బంపిరి. మనకు పడవలు నడచు కాలువలు లేవు. బీరువా మాత్రము గలదు, దానికి తాళమును గలదు. పోవునను భయమున పుస్తకమును దాచుట మన పాఠశాలల చిరకాలపు అలవాటు. ఈ పుస్తకము పోయినచో మరల దీసికొనవచ్చును గదా!

ఈ వేసవిలో తొమ్మిదవ తరగతి భౌతికశాస్త్రమునుండి రెండు ప్రకరణములు తెలుగుచేయించి, ముప్పది ప్రతులు సిద్ధపఱుపవలెనని యాజమాన్యమువారిని కోరుచున్నాము. కాగితపు వ్యయమునకై పూర్వవిద్యార్థుల నడుగుటకు మేము సంసిద్ధులము. తాళపుచెవి యెవరియొద్ద నుండవలెనో వారే నిర్ణయింతురు గాక.