లెక్క అడిగే మనిషి

హిందూపురం వైపు గార్మెంట్స్ ఫ్యాక్టరీలో పని మానేసి, చిలమత్తూరులో ఇంట్లోనే కుట్టుమిషన్ పెట్టుకున్నాను. ఇక నా ఇష్టం అనుకున్నా. "ఇంట్లోనే ఉండావు కదక్కా, పాపను రొంత చూసుకో" అని రోజుకొకరు. పండక్కి ఇవ్వాల్సిన జాకెట్లు అలాగే ఉండిపోయాయి. డ్వాక్రా లోను కంతు ఆడబిడ్డ దగ్గర అప్పు తెచ్చి కట్టాను.

ఆ రోజే సంఘంలో అందరి ముందూ చెప్పేశాను, పది నుంచి ఒంటిగంట వరకు నన్ను పిలవొద్దని. ఇప్పుడు నెలనెలా మీటింగులో పొదుపుతో పాటు ఎన్ని కుట్టానో, ఎంత వచ్చిందో నోటుబుక్కు చూసి చెప్తాను. తగ్గితే "ఏమైందమ్మా?" అని అడుగుతారు.

ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ అడిగితే భయమేసేది. వీళ్ళు అడిగితే ధైర్యంగా ఉంటుంది. సొంత పని మొదలుపెట్టే అక్కచెల్లెళ్ళకు నేను చెప్పేదొకటే: మిషన్ కొనే ముందు, లెక్క అడిగే మనిషిని చూసుకోండి.