మూతపడి మళ్లీ తెరుచుకున్న కారు పందేల ట్రాకు: బాగుపడేది ఊరా, యజమానా?

అమెరికాలోని ఉత్తర కరోలినా రాష్ట్రంలో విల్క్స్ కౌంటీ అనే ప్రాంతం ఉంది. కౌంటీ అంటే మనకు జిల్లా వంటిదే. కాని అక్కడి మొత్తం జనాభా 66 వేలకు మించదు. బ్లూ రిడ్జ్ కొండల దిగువన కోళ్ల ఫారాలు, కలప పని, చిన్న వ్యవసాయం మీద బతికే ప్రాంతమది. అక్కడి నార్త్ విల్క్స్‌బరో అనే చిన్న పట్టణం పక్కన 1947లో కారు పందేల ట్రాకు ఒకటి వెలిసింది. దాదాపు యాభై ఏళ్లు వెలిగి 1996లో మూతపడింది. గేట్లకు తాళాలు పడ్డాయి, తారు బీటల్లో గడ్డి మొలిచింది, మెట్లు పుచ్చిపోయాయి. ఇక దాని కథ ముగిసిందని అందరూ అనుకున్నారు.

అటువంటి ట్రాకు మీద 2023 మే 21న అమెరికాలోని మేటి డ్రైవర్లు పందెం ఆడారు. గెలిచిన కైల్ లార్సన్‌కు పది లక్షల డాలర్ల బహుమతి దక్కింది. పోయిందనుకున్నది తిరిగి వచ్చినందుకు ఆ ప్రాంతం సంబరపడింది. అందులో తప్పు లేదు. కాని అది ఎందుకు పోయింది, ఎవరి సొమ్ముతో వచ్చింది, వచ్చినది నిలుస్తుందా అన్న ప్రశ్నలు సంబరంతో తీరిపోయేవి కావు. మూతపడినదాన్ని తిరిగి తెరిపించాలని కోరుకునే ఏ ఊరికైనా ఈ ట్రాకు చరిత్రలో పనికివచ్చే సంగతులు ఉన్నాయి.

నాటుసారా బండ్ల నుంచి పందెం కార్ల దాకా

స్టాక్ కారు అంటే పందెం కోసం ప్రత్యేకంగా పుట్టినది కాదు. కంపెనీ మామూలు జనానికి అమ్మే కారునే తెచ్చి, ఇంజను బిగించి, పందేనికి సిద్ధం చేసేవారు. కాలక్రమాన అవి కూడా ప్రత్యేకంగా తయారు చేసిన బండ్లే అయినా పాత పేరు మాత్రం నిలిచిపోయింది.

ఈ పందేలకు, నాటుసారాకు దగ్గర చుట్టరికం ఉంది. విల్క్స్ కొండల్లో రైతులు మొక్కజొన్నతో సారా కాచేవారు. అమెరికాలో 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం అమలులో ఉంది. నిషేధం పోయిన తరువాత కూడా పన్ను ఎగవేయడానికి చాటుమాటు బట్టీలు నడిచాయి. రాత్రిపూట సారా నింపుకుని పట్నాలకు వెళ్లే కార్లు ఎక్సైజు వాళ్ల కార్లకు అందకుండా పరుగెత్తాలి. అందుకు ఇంజన్లకు పదును పెట్టడం, మలుపులలో వేగం తగ్గకుండా నడపడం కుర్రవాళ్లు నేర్చుకున్నారు. ఆ నేర్పే తరువాత పందేలకు ఎక్కింది. విల్క్స్ కౌంటీ బిడ్డ జూనియర్ జాన్సన్ ఇందుకు నిదర్శనం. 1956లో తండ్రి బట్టీ వద్ద పట్టుబడి పదకొండు నెలలు జైలులో ఉన్నాడు. బయటికి వచ్చి నాస్కార్ పెద్ద పందేలలో మొత్తం 50 గెలిచాడు. 1986లో అధ్యక్షుడు రీగన్ అతనికి క్షమాభిక్ష ప్రసాదించాడు. 2019లో మరణించాడు.

నార్త్ విల్క్స్‌బరో ట్రాకును ఎనాక్ స్టేలీ, అతని భాగస్వాములు కట్టించారు. చుట్టుకొలత మైలులో ఎనిమిదింట అయిదు వంతులు, అంటే ఒక కిలోమీటరు. చేతిలో డబ్బు చాలక నేలను పూర్తిగా చదును చేయలేదు. అందువల్ల ఒకవైపు పల్లం, మరోవైపు ఎత్తు. చివరకు ఆ ఎగుడుదిగుడే దానికి పేరు తెచ్చింది. మొదట మట్టి బాట, 1957లో తారు పడింది. పందేలను నడిపే సంస్థ నాస్కార్ 1948లో ఏర్పడగా, 1949లో జరిపిన తొలి ఎనిమిది పందేల వరుసలో చివరిది ఇక్కడే జరిగింది. ఆనాటి నుంచి 1996 దాకా అగ్రశ్రేణి పందేలు 93 ఈ ట్రాకు చూసింది.

కొన్నది ట్రాకు కాదు, తేదీలు

ట్రాకు మూతపడడానికి జనం రాకపోవడం కారణం కాదు. సంత ఉన్న ఊరి వారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. పాకలు, అరుగులు, బావి ఉన్నంత మాత్రాన సంత ఉన్నట్లు కాదు. వారంలో ఒక రోజు ఆ ఊరికి రాసిపెట్టి ఉంటేనే సంత. ఆ రోజు పొరుగూరికి పోతే మిగిలేవి ఉత్త పాకలే. పందేల ట్రాకు కూడా అంతే. ఏడాదిలో ఏ ఆదివారం ఏ ట్రాకు మీద పందెం జరగాలో నాస్కార్ నిర్ణయిస్తుంది. ఆ తేదీయే అసలు ఆస్తి. నార్త్ విల్క్స్‌బరోకు ఏటా రెండు తేదీలు ఉండేవి.

1990ల నాటికి టెలివిజన్ పుణ్యమా అని ఈ పందేలకు దేశమంతటా గిరాకీ పెరిగింది. లక్షకు పైగా జనం పట్టే కొత్త ట్రాకులు పెద్ద నగరాల దగ్గర లేస్తున్నాయి. వాటికి తేదీలు కావాలి. కొత్త తేదీలు దొరకడం కష్టం గనుక పాత ట్రాకుల తేదీల మీద కన్ను పడింది. 1995లో స్టేలీ మరణించాడు. ట్రాకులో సగం వాటాను బ్రూటన్ స్మిత్, మరో సగాన్ని బాబ్ బారే కొన్నారు. స్మిత్ టెక్సాస్‌లో కొత్త ట్రాకు కడుతున్నాడు. బారేకు న్యూ హాంప్‌షైర్‌లో ట్రాకు ఉంది. 1996 సెప్టెంబరు 29న చివరి పందెం జరిగింది, జెఫ్ గోర్డన్ గెలిచాడు. మరుసటి ఏడు ఒక తేదీ టెక్సాస్‌కు, మరొకటి న్యూ హాంప్‌షైర్‌కు తరలిపోయాయి.

ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు. సొంత ఆస్తిని కొన్నవాడు తనకు నచ్చినట్లు చేసుకున్నాడు. కాని యాభై ఏళ్లు టిక్కెట్లు కొని, బస ఇచ్చి, తిండి వండి ఆ తేదీలకు విలువ తెచ్చిన ఊరిని ఎవరూ అడగలేదు. అడగాలన్న నియమమూ లేదు.

ఆ కాలంలోనే కౌంటీకి ఇతర దెబ్బలూ తగిలాయి. అక్కడ పుట్టి పెరిగిన హోలీ ఫార్మ్స్ కోళ్ల కంపెనీ 1989లో టైసన్ కంపెనీ చేతికి పోయింది. 1921లో నార్త్ విల్క్స్‌బరోలో చిన్న హార్డువేరు కొట్టుగా మొదలై దేశమంతా విస్తరించిన లోస్ కంపెనీ, తరువాత తన ప్రధాన కార్యాలయాన్ని వేరే పట్టణానికి తరలించుకుంది. పెద్దవైనవి ఒక్కొక్కటే ఊరు విడిచిపోతున్న తరుణంలో ట్రాకు మూతపడడం నష్టంతో పాటు పరువు పోయినట్లు కూడా తోచింది.

కలుపు పీకిన చేతులు

తిరిగి తెరవాలన్న ప్రయత్నం తొలిసారి ఫలించలేదు. 2010, 2011లలో కౌలుకు తీసుకున్నవారు కొన్ని చిన్న పందేలు జరిపి, ఖర్చులు భరించలేక విరమించారు. పట్టుదల ఉన్నా పెద్ద పందెం తేదీ, పెట్టుబడి లేనిదే ట్రాకు నిలవదని అప్పుడే తేలింది.

మలుపు 2019 డిసెంబరులో వచ్చింది. పేరుపొందిన డ్రైవరు డేల్ ఎర్న్‌హార్డ్ జూనియర్ కొందరు స్వచ్ఛంద కార్యకర్తలతో వచ్చి ట్రాకు మీది గడ్డి, మొక్కలు పీకించాడు. ట్రాకును బాగుచేయడం అప్పుడు ఉద్దేశం కాదు. పూర్తిగా శిథిలం కాకముందే దాని కొలతలు యంత్రంతో తీసి కంప్యూటరు ఆటలో భద్రపరచాలన్నదే ఆలోచన. చనిపోబోయే మనిషికి ఫోటో తీయించుకున్నట్లన్న మాట. ఇంతలో 2020లో కరోనా వచ్చి అసలు పందేలు ఆగిపోయాయి. డ్రైవర్లు ఇళ్లలో కూర్చుని కంప్యూటరు మీద ఆడిన పందేలను టెలివిజన్‌లో చూపించారు. ఆ వరుసలో చివరిది, 2020 మేలో, నార్త్ విల్క్స్‌బరో బొమ్మ మీద జరిగింది. పాత ట్రాకును దేశం మళ్లీ చూసింది.

ప్రజల సొమ్ము, ప్రైవేటు ట్రాకు

అభిమానం ఎంత ఉన్నా తారు, కరెంటు, నీటి గొట్టాలు, మరుగుదొడ్లు దానితో రావు. కరోనా సహాయం కింద కేంద్ర ప్రభుత్వం రాష్ట్రాలకు పంచిన నిధుల నుంచి ఉత్తర కరోలినా 2021 బడ్జెట్టులో ఈ ట్రాకు పనులకు కోటీ 80 లక్షల డాలర్లు కేటాయించింది. రాష్ట్రంలోని రాకింగ్‌హామ్, షార్లెట్ ట్రాకులకు కూడా ఇదే పద్దులో నిధులు దక్కాయి. 2022 ఆగస్టులో నార్త్ విల్క్స్‌బరోలో పందేలు మొదలయ్యాయి. ఆ నెల 31న ఎర్న్‌హార్డ్ స్వయంగా పోటీ చేసి మూడవ స్థానంలో నిలిచాడు. ట్రాకు యజమాని బ్రూటన్ స్మిత్ ఈ ముచ్చట చూడలేదు. ఆ జూనులోనే కన్నుమూశాడు. తేదీలు తరలించిన తండ్రి స్థానంలో, వాటిని తిరిగి తెచ్చిన కొడుకు మార్కస్ స్మిత్ కంపెనీని నడుపుతున్నాడు.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. 1996లో తేదీలు తీసుకుపోయింది ఏ యజమానో, 2021లో ప్రజల సొమ్ముతో బాగుపడినదీ ఆ యజమాని ఆస్తే. పాతికేళ్లు పాడుపెట్టినవారికి ఖజానా నుంచి ఎందుకివ్వాలని ప్రశ్నించవచ్చు. ఇవ్వకపోతే ఎవరు బాగుచేసేవారు, పాడుబడ్డ ట్రాకు వల్ల ఊరికి ఒరిగేదేమిటి అని ఎదురు ప్రశ్న వేయవచ్చు. రెండింటిలోనూ న్యాయం ఉంది. పందెం నాడు చుట్టుపక్కల హోటళ్లు నిండుతాయి, బంకుల్లో పెట్రోలు అమ్ముడుపోతుంది, చిన్నచిన్న దుకాణాలకు నాలుగు డబ్బులు వస్తాయి. కాని ఏడాదిలో పెద్ద పందెం ఒక్కటే. మిగిలిన రోజులకు ఆ ఆదాయం జీతం కాదు, పండుగ సంపాదన మాత్రమే.

తేదీ ఇంకా చేతులు మారుతూనే ఉంది

2023, 2024, 2025లలో ఇక్కడ జరిగినది ఆల్ స్టార్ పందెం. బహుమతి పెద్దదే గాని ఛాంపియన్‌షిప్ పాయింట్లు దానికి ఉండవు. 2026లో నార్త్ విల్క్స్‌బరోకు పాయింట్ల పందెం ఇస్తున్నట్లు 2025లో ప్రకటన వెలువడింది. 1996 తరువాత ఇదే మొదటిది కావడంతో ఊరికిది గొప్ప శుభవార్త అయింది. కాని ఆ ప్రకటనలో రెండో సగం కూడా ఉంది. ఆల్ స్టార్ పందెం డెలావేర్ రాష్ట్రంలోని డోవర్‌కు పోతుంది, 1969 నుంచి ఏటా పాయింట్ల పందెం జరుగుతూ వచ్చిన డోవర్‌కు ఆ పందెం ఉండదు. డోవర్ ట్రాకు యజమాని కూడా ఈ కంపెనీయే. ఒక జేబులోది మరో జేబులో వేసుకున్నట్లు తేదీలు మారాయి. నాడు విల్క్స్ వారు పడిన బాధ ఇప్పుడు డోవర్ వంతయింది. ఇచ్చిన చెయ్యి తిరిగి తీసుకోదన్న హామీ ఎక్కడా లేదు.

రాష్ట్రంలోని మరో రెండు ట్రాకులు చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. రాకింగ్‌హామ్ 2004లో అగ్రశ్రేణి పందేన్ని పోగొట్టుకుంది. అది కూడా టెక్సాస్‌కే చేరింది. ఆ ట్రాకు చేతులు మారి, బాగుపడి, 2025 ఏప్రిల్‌లో కింది శ్రేణి పందేలను తెచ్చుకోగలిగింది. హిల్స్‌బరో దగ్గరి ఒక్కనీచీ ట్రాకు 1968లోనే మూతపడింది. అది తిరిగి పందేలకు రాలేదు. బాట చుట్టూ అడవి పెరిగింది. దాన్ని చారిత్రక స్థలంగా గుర్తించి, జనం నడిచే దారిగా ఉంచారు. పందేలు లేకపోయినా ఆ నేల ఊరివారికి ఉపయోగపడుతోంది. మూతపడిన ట్రాకుకు తిరిగి తెరవడం ఒక్కటే గతి కాదు.

2024లో ట్రాకుకు కొత్త తారు వేశారు. ఆ ఏడు మార్చిలో ప్రేక్షకుల మెట్ల కింద 700 చదరపు అడుగుల బొరియ వంటి గది బయటపడింది. పాత సారా బట్టీ కావచ్చునని ఊహించారు గాని రుజువు దొరకలేదు. ఆ వార్తకు వచ్చిన ప్రచారంలో వందో వంతు కూడా, ప్రజల సొమ్ము పెట్టినప్పుడు పందెం తేదీ ఎన్నేళ్లు ఇక్కడే ఉండాలన్న ప్రశ్నకు రాలేదు.

మిల్లుకాని, సంతకాని, తిరునాళ్లకాని, మూతపడినదాన్ని ప్రజాధనంతో తెరిపించాలనుకునేవారు ముందుగా గోడలకు సున్నం వేయడం గురించి కాక పత్రాల గురించి అడగాలి. స్థలం ఎవరిది, నడిపే హక్కు ఎవరిది, ఆ హక్కు ఊరు దాటిపోకుండా ఎన్నేళ్ల కట్టుబాటు ఉంది, దాటిపోతే పెట్టిన సొమ్ము తిరిగి వస్తుందా. సొమ్ము విడుదలయ్యే ముందు అడిగితే ఈ ప్రశ్నలకు జవాబు రాబట్టవచ్చు. తరువాత అడిగితే యజమాని దయ మీద ఆధారపడవలసిందే. నార్త్ విల్క్స్‌బరోకు ప్రస్తుతం ఆ దయ ఉంది. 1995 దాకా కూడా ఉండేది.