నలుగురి తీర్పు.. ఒక్కరి మాట

అంకాపూర్‌లో పసుపు కల్లం దగ్గర పెద్దమనుషులు కూర్చుంటే వినబడే మాట ఒకటే: 'పదిమంది చెప్పిందే న్యాయం.' కోర్టు లెక్క కూడా దాదాపు అదే. ఐదుగురు జడ్జీలు కూర్చుంటే ముగ్గురు ఏది అంటే అదే చట్టానికి అర్థం. మిగతా ఇద్దరి మాట తీర్పు కాగితాల్లో ఉంటుంది, అమలు మాత్రం కాదు. మరి ఎక్కువమంది చెప్పినంత మాత్రాన అదే సరైన అర్థమా? తెలంగాణ ఉద్యోగికి ఈ ప్రశ్న కొత్తది కాదు.

1919లో నిజాం ఫర్మానాతో వచ్చిన ముల్కీ నిబంధనలు స్థానికునికే కొలువు అన్నాయి. బయటివారు ముల్కీ కావాలంటే 15 ఏళ్ల నివాసం ఉండాలి. ఇలాంటి పాత చట్టాలు పార్లమెంటు మార్చేదాకా కొనసాగుతాయని రాజ్యాంగంలోని 35(బి) అధికరణం చెప్తున్నది. అయినా 1972 ఫిబ్రవరి 14న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఫుల్‌బెంచ్, రాష్ట్రం ఏర్పడిన తర్వాత ఆ నిబంధనలు చెల్లవన్నది. ఐదుగురిలో నలుగురిది ఒక మాట, ఒక్కరిది వేరే మాట.

ఎనిమిది నెలలు తిరగలేదు. అక్టోబర్ 3న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసి, ముల్కీ నిబంధనలు చెల్లుతాయన్నది. ఈ ఎనిమిది నెలల్లో రాజ్యాంగంలో ఆ అక్షరాలు మారలేదు. చదివినవారే మారారు.

కానీ గెలుపు నిలిచిందా? జై ఆంధ్ర ఉద్యమం లేచింది. 1973 సెప్టెంబర్ 21న ఆరు సూత్రాల పథకం వచ్చింది. ముల్కీ పోయి 371(డి) వచ్చింది, 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాయి. కోర్టులో దక్కింది పార్లమెంటులో పోయింది. అక్కడ లెక్క కూడా మెజారిటీదే!

2009 అక్టోబర్ 9న మళ్లీ దెబ్బ పడింది. ఆ ఉత్తర్వుల్లోని 14(ఎఫ్) పేరా ఆధారంగా, హైదరాబాద్ నగర పోలీసు కొలువులకు స్థానిక రిజర్వేషన్ వర్తించదని సుప్రీంకోర్టు చెప్పింది. మేమంతా రోడ్డెక్కాం. అప్పుడు తీర్పు చదివినవాళ్లం మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంత మందిమే. చదివితే తెలిసేది: ఈసారి మార్చాల్సింది ఆ పేరానే. 2010లో శాసనసభ దాన్ని తీసెయ్యమని తీర్మానించింది, తర్వాత కేంద్రం తొలగించింది.

ఎస్సీ వర్గీకరణ సంగతి చూడండి. ఆంధ్రప్రదేశ్ చేసిన చట్టాన్ని 2004లో ఐదుగురు జడ్జీలు ఏకగ్రీవంగా కొట్టేశారు. 2024 ఆగస్టు 1న ఏడుగురి ధర్మాసనం 6:1 తేడాతో వర్గీకరణ చెల్లుతుందన్నది. ఇరవై ఏళ్లు! ఆ మధ్యలో ఎందరు పిల్లల వయసు దాటిపోయిందో ఎవరు లెక్కగడతారు? న్యాయం కోసం ఆగొచ్చు గానీ, నోటిఫికేషన్ ఆగదు.

అందుకే చదువుకున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక్క మాట. 2018 రాష్ట్రపతి ఉత్తర్వులు స్థానికులకు 95 శాతం కొలువులు ఇచ్చాయి. రేపు ఆ వాక్యాలు కూడా కోర్టు మెట్లు ఎక్కుతాయి. తీర్పు వస్తే పటాకులు కాల్చేముందు, బంద్ పిలిచేముందు కాగితం చదవండి. మనకు నచ్చిన మెజారిటీనే కాదు, నచ్చని ఆ ఒక్కరి మాట కూడా చదవండి. 1972లో ఓడిపోయిన ఆ ఒక్క జడ్జి పక్షమే ఎనిమిది నెలలకు గెలిచింది. రేపటి వాదం అక్కడే దాగి ఉండొచ్చు.