తొంభై నిమిషాల పదో తరగతి

'నాన్నా, మీ టెన్త్ అప్పుడు హిట్ సాంగ్స్ ఏంటి?' అని అడిగింది మా అమ్మాయి. 2025 మార్చిలో దాని పరీక్షలు. అంతకుముందు స్కూల్లో ఫేర్‌వెల్. అమ్మానాన్నల కాలం పాటలన్నీ కలిపి ఓ పది నిమిషాల డాన్సు చేయాలట. పాటలు ఏరే పని దీని మీద పడింది.

ఇంత తేలికైన ప్రశ్న అది నన్ను ఎప్పుడూ అడగలేదు. లెక్కలు అడిగితే పేపరు అడ్డం పెట్టుకునే నేను ఈసారి సర్దుకుని కూర్చున్నాను. 'మాది 1990 బ్యాచ్. రాసుకో. జగదేకవీరుడు అతిలోకసుందరి, బొబ్బిలిరాజా, హిందీలో ఆషికీ...'

అది రాసుకోలేదు. ఫోన్లో ఏదో చూసింది. 'జగదేకవీరుడు మే 9న రిలీజైంది. బొబ్బిలిరాజా సెప్టెంబర్లో. ఆషికీ కూడా వేసవి దాటాకే. నీ పరీక్షలు ఎప్పుడు నాన్నా?'

'మార్చిలో' అన్నాను గొంతు తగ్గించి.

'మరి ఇవి నీ టెన్త్ పాటలెలా అవుతాయి?'

నిజం చెప్పొద్దూ, నాకు నోట మాట రాలేదు. ముప్ఫై అయిదేళ్లుగా నా పదో తరగతి అంటే నా చెవుల్లో మోగుతున్నవి ఆ పాటలే. గ్రూపు ఫొటో దిగుతున్నప్పుడు వెనకాల శ్రీదేవి పాట వినిపించిందని ఎంతమందికో చెప్పాను. జ్ఞాపకం అంతే కాబోలు. నచ్చిన పాటను తీసుకెళ్లి నచ్చిన రోజు పక్కన అతికించేస్తుంది.

సరే, అసలు ఆ మార్చిలో మోగినవేమిటి? మా ఊరు రేపల్లెకు దగ్గర. అప్పటి గుంటూరు జిల్లా, ఇప్పటి బాపట్ల జిల్లా. కొత్త సినిమా బెజవాడలో ఆడి, తెనాలిలో ఆడి, ప్రింటు మీద గీతలు పడ్డాక తీరిగ్గా మా వైపు వచ్చేది. కాబట్టి మా 1990లో నడిచింది నిజానికి 1989. ఆ ఏడు ఎలాంటిదో చూడండి. జనవరిలో వెంకటేష్ 'ప్రేమ'. దానికి పాటలు రాసిన ఆత్రేయ సెప్టెంబరులో కన్నుమూశారు. మేలో 'గీతాంజలి', అక్టోబరులో 'శివ'. మూడింటికీ ఇళయరాజాయే. ఏడాది చివర్లో హిందీ 'మైనే ప్యార్ కియా' వచ్చింది. అందులో సల్మాన్‌ఖాన్‌కు గొంతు ఇచ్చింది మన బాలూయే. ఏ పాట విన్నా ఆ గొంతే. మాకు పాప్ అన్నా, జాజ్ అన్నా, భక్తి అన్నా ఆయనే.

'శివ'లో బోటనీ క్లాసు ఎగ్గొట్టి సినిమాకు పోదామనే పాట ఉంది కదా, సిరివెన్నెల రాసింది. మా క్లాసులో అందరికీ నోటికి వచ్చు. బోటనీ అంటే ఏమిటో మాత్రం ఒక్కరికీ తెలీదు. మాది తెలుగు మీడియం. మాకున్నది జీవశాస్త్రం. బోటనీ అంటే హీరోయిన్ పేరు కాబోలు అనుకున్నవాళ్లు కూడా ఉన్నారు.

ఈ పాటలన్నీ మాకు ఎలా వచ్చేవంటారా? రేడియోలో వచ్చేవి. శుక్రవారం సాయంత్రం 'చిత్రలహరి'లో వచ్చేవి, అదీ టీవీ ఉన్నవాళ్ల గుమ్మంలో చోటు దొరికితే. అన్నిటికంటే ఎక్కువగా సెంటర్లోని క్యాసెట్ రికార్డింగ్ షాపు నుంచి వచ్చేవి. కావలసిన పాటలు చీటీ మీద రాసిస్తే ఖాళీ క్యాసెట్‌లోకి ఎక్కించి ఇచ్చేవారు. స్పీకరు రోడ్డు వైపు తిప్పి ఉండేది. ఊరికి ఏ పాట హిట్టో తేల్చేది ఆ స్పీకరే.

ఆ షాపులో సాయంత్రాలు కూర్చునేవాడు నా బెంచీ నేస్తం. వాళ్ల నాన్న అరటితోట కౌలుకు చేసేవాడు. వాడికి చదువు కన్నా వైర్లు, టంకం అంటే ఇష్టం. ఏ పాట ఎన్ని నిమిషాల ఎన్ని సెకన్లో చూడకుండా చెప్పేవాడు. తొంభై నిమిషాల క్యాసెట్ అంటే ఒక్కో వైపు నలభై అయిదు. పాట మధ్యలో టేపు అయిపోకుండా కూడికలు వేసి వరస పెట్టడం వాడి విద్య. అదే కూడిక లెక్కల పరీక్షలో వేస్తే ముప్ఫై అయిదు దాటేవి కావు.

మాకు ఫేర్‌వెల్ అనే మాట తెలీదు. వీడ్కోలు సభ. లడ్డూ, కారబ్బూందీ, టీ, గ్రూపు ఫొటో. ఆ రోజు టేప్‌రికార్డరు తెచ్చింది వాడే. హెడ్మాస్టారు భక్తి పాటలు మాత్రమే వేయమన్నారు. రెండు భక్తి పాటలయ్యాక వాడు ఏమీ ఎరగనట్టు 'గీతాంజలి'లో గుండె చప్పుడు తాళంతో నడిచే పాట పెట్టాడు. అది కూడా ఓంకారంతోనే మొదలవుతుంది. మాస్టారు కళ్లు మూసుకుని తల ఊపారు. ఎంతసేపటికి కళ్లు తెరిచారో గుర్తులేదు గానీ, నవ్వు ఆపుకోలేక మేం పడిన అవస్థ గుర్తుంది.

పరీక్షలయ్యాయి. ఫలితాల కోసం ఎదురుచూస్తుండగా తుపాను వచ్చింది. 1990 మే 9, బుధవారం. కృష్ణా నది సముద్రంలో కలిసే చోటికి దగ్గరలోనే తీరం దాటింది. 1977 దివిసీమ ఉప్పెన నేర్పిన పాఠంతో ముందే వేలాదిమందిని ఖాళీ చేయించారు. అయినా రాష్ట్రంలో తొమ్మిది వందల మందికి పైగా పోయారు. సరిగ్గా ఆ రోజే 'జగదేకవీరుడు అతిలోకసుందరి' విడుదలైంది. హాళ్లలోకి నీళ్లు వచ్చినా జనం నిలబడి చూశారని తర్వాత కథలుగా చెప్పుకున్నారు. మా వైపు సినిమా ఊసెత్తినవాడు లేడు. స్తంభాలు పడిపోయాయి. తాటిచెట్లు తలలు విరిగి నిలబడ్డాయి. అరటితోటలైతే చాప పరిచినట్టు పడుకున్నాయి. మా వాడి వాళ్ల తోట కూడా.

కరెంటు చాలా రోజులకు గానీ రాలేదు. వచ్చిన సాయంత్రం ఊళ్లో మొదట మోగింది సెంటర్లోని ఆ స్పీకరే. అప్పుడు విన్నాం శ్రీదేవి పాటలు. బురద ఎత్తిపోస్తున్నవాళ్లు పార పక్కన పెట్టి విన్నారు. నా టెన్త్ పాటలు అవేనని నేను ఇన్నాళ్లూ ఎందుకు అనుకున్నానో మా అమ్మాయికి చెప్పలేకపోయాను గానీ, ఇందుకే. ఇల్లు ఇంకా నిలిచి ఉందని, మనుషులం మిగిలామని చెప్పిన పాటలవి.

పేపర్లో నంబర్లు పడ్డాయి. ఇద్దరం పాసయ్యాం. నాది ఫస్టుక్లాసు. నన్ను బెజవాడలో ఇంటర్ బైపీసీలో చేర్చారు. మా వాడు షాపులో పొద్దుటి నుంచి కూర్చోవడం మొదలుపెట్టాడు. కౌలు బాకీ మిగిలింది మరి. నేను బయల్దేరే రోజు బస్టాండుకు వచ్చి ఓ తొంభై నిమిషాల క్యాసెట్ చేతిలో పెట్టాడు. అట్ట మీద చిన్న అక్షరాలతో పాటల వరస. డబ్బు తీసుకోలేదు.

నెల తిరక్కుండా వాడి నుంచి ఇన్లాండు లెటరు వచ్చింది. 'ఒరేయ్, బెజవాడ ఐటీఐలో ఎలక్ట్రీషియన్‌కు దరఖాస్తు ఫారం ఒకటి తీసి పోస్టు చెయ్యరా. ఆఖరు తేదీ దగ్గర పడింది. మా నాన్నను ఒప్పించాను.' అంతే ఉత్తరం.

నేను తీయలేదు. వారం వారం పరీక్షలు, హాస్టల్లో ఆదివారం తప్ప బయటికి వదలరు... ఇలా చాలా చెప్పొచ్చు. ఆదివారాలు మ్యాట్నీకి మాత్రం వెళ్లాను. పక్క రూమువాడి వాక్‌మన్‌లో వాడిచ్చిన క్యాసెట్ రోజూ విన్నాను. నిజం బోటనీ చదువుతూ 'శివ' పాట విన్నాను. ఉత్తరం పెట్టె అడుగున ఉండిపోయింది. గుర్తొచ్చేసరికి తేదీ దాటిపోయింది. అది రాయడానికి మొహం చెల్లక ఉత్తరమే రాయలేదు.

తర్వాత పెళ్లిళ్లలో కలిశాం, నవ్వుకున్నాం. ఫారం మాట నేనూ ఎత్తలేదు, వాడూ ఎత్తలేదు. క్యాసెట్లు పోయి సీడీలు వచ్చాయి. సీడీలు పోయాక మెమరీ కార్డుల్లో పాటలు ఎక్కించాడు. అదీ పోయాక సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నాడు. సెంటర్ అదే, షట్టర్ అదే.

మా అమ్మాయి ప్రశ్నకు జవాబు వాడి దగ్గరే ఉంటుందని ఫోన్ చేశాను. ఆ మార్చిలో షాపులో ఏం మోగాయో గుక్క తిప్పుకోకుండా చెప్పాడు, నిమిషాలతో సహా. పెట్టేసేముందు, ఎందుకో, 'ఒరేయ్, ఆ ఐటీఐ ఫారం...' అన్నాను.

అటువైపు కాసేపు చప్పుడు లేదు. 'పోస్టుమేన్ సైకిలు బెల్లు వినపడదేమోనని షాపులో సౌండు తగ్గించి కూర్చునేవాణ్ని రా. ఓ నెల పాటు' అన్నాడు. 'ఓనరు తిడితే మళ్లీ పెంచా.' తర్వాత మామూలుగానే, 'సరేగానీ, అమ్మాయికి ఎన్ని నిమిషాలు కావాలి? పదా? కట్ చేసి పంపుతాలే' అన్నాడు.

పంపాడు. ఆరు పాటలు, సరిగ్గా పది నిమిషాలు. ఒక్క క్షణం ఎక్కువ లేదు, తక్కువ లేదు. పిల్లలకు అన్నిటికంటే నచ్చింది బోటనీ పాటేనట.

2025 మే 9న ఆ సినిమా మళ్లీ హాళ్లకు వచ్చింది. ముప్ఫై అయిదేళ్లు నిండాయని. వాడిని విజయవాడ రమ్మన్నాను. షట్టర్ దించి వచ్చాడు. మొదటి పాట రాగానే హాలంతా ఈలలు. వాడు మాత్రం తల పక్కకు వంచి, స్పీకర్లలో ఎడమవైపుది కాస్త తక్కువ పలుకుతోందన్నాడు. ఇంటర్వెల్‌లో సమోసాల డబ్బు నన్ను ఇవ్వనివ్వలేదు. ఇవ్వనిచ్చి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

మీరూ మీ పదో తరగతి ఏడాది పాటల జాబితా ఓసారి రాసి చూడండి. తేదీలు తప్పితే తప్పనివ్వండి, ఫోన్లో చూసి దిద్దడానికి పిల్లలున్నారు. ఒక్కో పాట ఎదురుగా అది మీకు వినిపించిన మనిషి పేరు కూడా రాయండి. వాళ్లలో ఎవరికైనా మీరు ఉత్తరం బాకీ ఉన్నారేమో చూడండి.