రొదలో మాట: తెలుగు శాఖలు తప్పించుకోలేని బాధ్యత

వినికిడి లోపమున్నవారికి రొదలో మాట ఎంతవరకు తెలుస్తుందో కొలిచే పరీక్ష వైద్యులకు, శ్రవణ నిపుణులకు సంబంధించినదనీ, తెలుగు శాఖలకు దానితో ప్రమేయం లేదనీ ఒక అభిప్రాయం మనలో స్థిరపడి ఉంది. ఈ అభిప్రాయం నిలవదు. ఆ పరీక్షలో వినిపించేది వాక్యం, వినేవారు తిరిగి చెప్పేది వాక్యం, మార్కులు వేసేది పదాలకు. ఏది పదం, ఏది రూపాంతరం, ఏది తప్పు అన్న ప్రశ్నలకు సమాధానం చెప్పవలసింది భాషాధ్యయనమే.

నిశ్శబ్దమైన గదిలో శుద్ధస్వరాలు వినిపించి గీసే ఆడియోగ్రామ్, ఎంత మెల్లని ధ్వని చెవికి అందుతుందో చెబుతుంది. పెళ్ళిపందిట్లోనో బస్టాండులోనో ఎదుటివారి మాట ఎంత బోధపడుతుందో అది చెప్పదు. డచ్చి శాస్త్రవేత్త ప్లాంప్ 1978లోనే వినికిడి లోపంలో రెండు అంశాలను వేరుచేసి చూపాడు. ధ్వని తగ్గి వినపడటం ఒకటి, వినపడినది చెదిరిపోవటం రెండవది. మొదటిదాన్ని వినికిడి యంత్రం ధ్వనిని పెంచి కొంతవరకు సరిదిద్దగలదు. రెండవదానికి ధ్వని పెంచడం ఒక్కటే చాలదు. మాటతోపాటు రొద కూడా పెరుగుతుంది. “వినపడుతోంది గాని తెలియడం లేదు” అని మన ఇళ్ళలో పెద్దవారు చెప్పే బాధ ఈ రెండవ కోవకు చెందినది.

దీనిని కొలవడానికే రొదలో వాక్యాలు వినిపించే పరీక్షలు పుట్టాయి. 1979లో బ్రిటన్‌లో బెంచ్, కోవల్, బామ్‌ఫర్డ్‌లు కూర్చిన వాక్యాలకు మూలం, వినికిడి లోపమున్న పిల్లలు బొమ్మలు చూసి తమ నోటితో చెప్పిన మాటలు. అమెరికాలో 1994లో వెలువడిన హింట్ పరీక్షకు ఈ వాక్యాలే ఆధారమయ్యాయి. అంటే ఆ పరీక్షల భాష పాఠ్యపుస్తకాలలోంచి రాలేదు. వినేవారి వాడుకలోంచి వచ్చింది. మనం గ్రహించవలసింది ఈ పద్ధతిని. ఆ వాక్యాలను అనువదించుకుంటే సరిపోదు.

అనువాదం ఎందుకు చాలదో తెలుగు నిర్మాణమే చెబుతుంది. 1982లో స్వీడన్‌లో హాగర్‌మన్ రూపొందించిన పద్ధతిలో ప్రతి వాక్యానికీ ఐదు స్థానాలు ఉంటాయి: పేరు, క్రియ, సంఖ్య, విశేషణం, నామం. ఒక్కో స్థానంలో పది పదాలు ఉంటాయి. వాటిని ఎలా కలిపినా వాక్యం కుదురుతుంది గనుక ముందు పదాన్ని బట్టి తరువాతి పదాన్ని ఊహించలేరు. తెలుగులో ఈ స్వేచ్ఛ లేదు. “రాముడు” అని వినగానే చివర “కొన్నాడు” అన్న ప్రత్యయం సగం తెలిసిపోతుంది. “సీత” అంటే “కొన్నది” వస్తుంది. “ముగ్గురు” అన్న సంఖ్య వెనుక మనుష్యవాచకమే రావాలి. ఇక్కడ కొలతకు వచ్చేది చెవి సామర్థ్యమా, వ్యాకరణజ్ఞానమా?

మార్కుల పద్ధతిలో చిక్కు ఇంతకంటె పెద్దది. 2004లో ప్రచురితమైన క్విక్‌సిన్ పరీక్షలో ఒక జాబితాకు ఆరు వాక్యాలు, వాక్యానికి ఐదు ముఖ్యపదాలు, మొత్తం ముప్పై. మాటకూ రొదకూ మధ్య అంతరం 25 డెసిబెల్‌లతో మొదలై వాక్యానికి ఐదేసి చొప్పున సున్నాకు దిగుతుంది. 25.5 నుంచి సరిగా చెప్పిన పదాల సంఖ్యను తీసివేస్తే వచ్చేది లోపపు కొలత. అంటే ఒక్కొక్క పదం ఒక్కొక్క డెసిబెల్.

ఈ లెక్కనే తెలుగుకు యథాతథంగా వర్తింపజేద్దాం. ఒకరు 24 పదాలు గ్రహించారు, లోపం 1.5, అంటే దాదాపు సహజ స్థాయి. అయితే ఆయన తెలంగాణ పల్లెవాసి. “చెప్పాడు” అని విని, తన అలవాటు ప్రకారం “చెప్పిండు” అన్నారు. రాయలసీమవారైతే “చెప్పినాడు” అంటారు. ఇలాంటి నాలుగు క్రియలను తప్పుగా లెక్కిస్తే లోపం 5.5 అవుతుంది; ఆయన స్వల్పలోపం గలవారి వర్గంలో చేరిపోతారు. మరొకరు “చెప్పాడు”ను “చెప్పడు”గా విన్నారు. తేడా ఒక్క అచ్చుది. అర్థం మాత్రం తలకిందులైంది. అయినా ఆయనకూ పోయేది ఒక్క పదమే. ఇంగ్లీషులో నిషేధం సాధారణంగా విడి పదంగానో దాని సంక్షిప్తంగానో కనిపిస్తుంది. తెలుగులో అది క్రియలోనే ఒదిగి ఉంటుంది. సరిగా విన్నవారినీ విననివారినీ ఒకే గాట కట్టే నియమాన్ని శాస్త్రమని ఎలా అంటాం?

పోల్చడానికి ఒకే ప్రమాణం ఉండాలి గదా అని ఆక్షేపించవచ్చు. వినిపించే గొంతు, రొద, జాబితాల సమానత ఒకే తీరుగా ఉండవలసిందే. మార్కుల ప్రమాణం మాత్రం ఉచ్చారణ రూపంపై కాక కాలం, పురుష, విధి–నిషేధాలపై నిలవాలి. పరీక్షించేవారు లోకజ్ఞానంతో మాండలిక రూపాలను ఒప్పుకుంటారులే అన్న వాదం మరీ బలహీనం. ఒకరు ఒప్పుకొని ఒకరు ఒప్పుకోకపోతే పోలికకు అర్థమే ఉండదు. వ్రాతలో లేని ఉదారత ప్రమాణం కానేరదు.

ఈ రంగంలో పని జరగడం లేదని అనలేం. రొదలో పరీక్షించడానికి సమాన సుబోధత గల తెలుగు వాక్యజాబితాలు 2017లో ప్రచురితమయ్యాయి. ఆ కృషికి మన శాఖల్లో దక్కవలసిన చర్చ దక్కలేదన్నదే నా ఫిర్యాదు. వ్యవసాయ పదాలను ప్రాంతాలవారీగా సేకరించి 1962లోనే మాండలిక వృత్తిపదకోశం వెలువరించిన సంప్రదాయం మనది. ఆగస్టు 29న మనం స్మరించే గిడుగు రామమూర్తి సవర భాష కోసం మన్యంలో తిరిగి, జ్వరానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి కోల్పోయారని ఆయన జీవితచరిత్ర చెబుతోంది. నోటి భాషకు గౌరవం కోరిన ఆయన పేర సభలు జరిపే శాఖలు, వినలేనివారి నోటి భాషకు మార్కులు ఎలా పడుతున్నాయో అడగకపోవడం సమంజసం కాదు.

చేయవలసినది స్పష్టం. పరీక్షా వాక్యాలలోని ప్రతి క్రియకూ ఆమోదయోగ్యమైన మాండలిక రూపాల పట్టిక తయారుచేయాలి. అర్థాన్ని మార్చే పొరపాట్లను వేరుగా లెక్కించాలి. సహజ వినికిడి గల వేర్వేరు ప్రాంతాలవారిపై ముందుగా సరిచూడాలి. ఇది శ్రవణ నిపుణులతో కలిసి మన పరిశోధక విద్యార్థులు చేయదగిన పని. ఆ పట్టిక లేనంతకాలం, యాసకు పడిన శిక్ష చెవి దోషంగా నమోదవుతూనే ఉంటుంది.