జనారోగ్య పరిశోధనలో మన పిల్లలు ఎక్కడ?

మన ఇళ్ళలో కోడలు గర్భవతి అయితే పెద్దవాళ్ళు "నీళ్ళు పోసుకున్నది" అంటారు. అదే సంగతిని తమిళులు "ముళుగామల్ ఇరుక్కిరాళ్" అంటారు. స్నానానికి మునగకుండా ఉన్నదని దాని అక్షరార్థం. ఒక నుడిలో నీళ్ళు పోసుకోవడం, పక్క నుడిలో నీట మునగకపోవడం, రెండూ ఒకే శుభవార్త. ఇంకొక మాట చూడండి. "కడుపు పోయింది" అంటే మనకు గర్భస్రావం. మాటకు మాటగా తమిళంలోకి మార్చితే అది "వయిత్తాల పోగుదు" అనే పలుకుబడికి దగ్గరవుతుంది. ఆ పలుకుబడికి అర్థం విరేచనాలు. హోసూరు, కృష్ణగిరి ప్రాంతంలోని తెలుగు ఇంటికి వచ్చిన ఆరోగ్య సర్వే ఉద్యోగికి తెలుగు రాకపోతే, ఆ ఇల్లాలికి తమిళం అంగడిలో బేరమాడేటంత వరకే వస్తే, ఆమె పోగొట్టుకున్న బిడ్డ కాగితం మీద ఏ గడిలో పడుతుంది?

జనారోగ్య పరిశోధన అంటే ఒక రోగికి మందు వెదకడం కాదు. ఒక ఊరిలో, ఒక జిల్లాలో, ఒక వృత్తిలో ఉన్నవాళ్ళకు ఏ జబ్బు ఎంతమందికి, ఎందుకు వస్తున్నదో లెక్కగట్టి కారణాన్ని పట్టుకొనే పని. ప్రభుత్వాలు తమ పథకాలను ఆ లెక్కల మీదనే నిలబెడతాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మొదటి విడత 1992-93లోను, అయిదవ విడత 2019-21లోను జరిగాయి. తరువాత ఆరవ విడతను కూడా చేపట్టారు. ప్రశ్నపత్రాలను ఆయా రాష్ట్రాల ప్రధాన భాషల్లోకి అనువదిస్తారు. ఇటువంటి సర్వేలకు ప్రపంచమంతటా నమూనాగా నిలిచిన డి.హెచ్.ఎస్. ప్రశ్నపత్రం మొదటి పుటలోనే నాలుగు గడులు ఉంటాయి: ప్రశ్నపత్రం ఏ భాషలో ఉన్నది, సంభాషణ ఏ భాషలో జరిగింది, జవాబు చెప్పినవారి మాతృభాష ఏది, దుబాసీ అవసరమయ్యాడా. అంటే భాష మారితే జవాబు మారుతుందన్న సంగతి పరిశోధకులకు తెలియనిది కాదు. తెలిసిన సంగతిని సరిహద్దు జిల్లాల్లో ఆచరణలో పెట్టించవలసిన బాధ్యత మాత్రం మనది.

మరణాల లెక్కలో ఈ అవసరం మరింత స్పష్టంగా కనబడుతుంది. మన దేశంలో చాలామంది ఇంటివద్దనే పోతారు. ఏ జబ్బుతో పోయారో వైద్యుడు రాసిన కాగితం ఉండదు. అందుకని భారత రిజిస్ట్రార్ జనరల్ ఆధ్వర్యంలో సాగిన పది లక్షల మరణాల అధ్యయనంలో ఉద్యోగులు ఇళ్ళకు వెళ్ళి, పోయినవారి చివరి రోజుల కథను బంధువుల నోట విని, స్థానిక భాషలోనే రాసుకున్నారు. ఆ భాష చదవగల ఇద్దరు వైద్యులు విడివిడిగా ఆ కథను చదివి మరణకారణాన్ని నిర్ణయించారు. ఎంత తెలివైన పద్ధతి! అయితే అది నిలబడేది మాట మీదనే. మన తెలుగులో పోటు వేరు, సలుపు వేరు, తీపు వేరు, మంట వేరు. "గుండెలో పోటు వచ్చి చెమటలు పట్టినాయి" అన్న కథకు వైద్యుడు ఒక కారణం రాస్తాడు. "గుండెల్లో మంట" అంటే మరొకటి రాస్తాడు. మధ్యలో రాసేవాడు అన్నింటినీ "నొప్పి" అనే ఒక్క మాటలో పడవేస్తే, చదివే వైద్యుడు ఎంత సమర్థుడైనా చేయగలిగింది లేదు.

ఈ మాట వినగానే మన ఉద్యమంలో వెంటనే వచ్చే కోరిక, ప్రశ్నపత్రాలను తెలుగులో అచ్చువేయించమని. అది న్యాయమైనదే. భారత వైద్య పరిశోధన మండలి 2017లో వెలువరించిన నైతిక మార్గదర్శక సూత్రాల ప్రకారం, పరిశోధనలో పాల్గొనేవారి సమ్మతిని వారికి అర్థమయ్యే భాషలోనే తీసుకోవాలి. బడిలో మాతృభాష కోసం 350-ఎ అధికరణాన్ని చూపుతున్నట్లే, ఇక్కడ ఈ నియమాన్ని చూపి అడగవచ్చు. కాని అచ్చుకాగితంతో పని తీరదని నా అభిప్రాయం. తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టం వచ్చిన తరువాత పెరిగిన మన పిల్లల్లో ఎందరో తెలుగు మాట్లాడగలరు గాని చదవలేరు. వారి ముందు తెలుగు కాగితం పెడితే అది వారికి గోడమీది ముగ్గుతో సమానం. పైగా హైదరాబాదులో కూర్చొని అనువదించిన గ్రాంథికపు పదాలు సోలాపూరు పద్మశాలి వాడకు గాని, పావగడ పల్లెకు గాని తమవిగా తోచవు. కావలసింది నోట తెలుగు, చేత ఆ రాష్ట్రపు లిపి ఉన్న మనిషి. అటువంటి మనుషులు మన ఇళ్ళలోనే ఉన్నారు.

ఉన్నారు సరే, వారికి దొరుకుతున్నదేమిటి? సర్వే వచ్చినప్పుడు నాలుగు నెలల తాత్కాలిక ఉద్యోగం. సంచి భుజాన వేసుకొని ఇల్లిల్లూ తిరిగి గడులు నింపడం. సర్వే ముగిస్తే ఇంటికి. నింపిన గడుల నుంచి ఏమి తేలిందో, తాను అడిగిన ప్రశ్నను ఎవరు, ఎందుకు రాశారో ఆ పిల్లకు ఎవరూ చెప్పరు. గడి నింపే చేతిని ప్రశ్న రాసే చేతిగా మార్చడమే మార్గదర్శనం. ఒక అనుభవజ్ఞుడు పక్కన కూర్చొని, ఈ ప్రశ్నకు జవాబు దొరకాలంటే ఎన్ని ఇళ్ళు తిరగాలి, ఎవరితో పోల్చాలి, వచ్చిన లెక్కను ఎంతవరకు నమ్మాలి అని ఒక ఏడాదిపాటు నేర్పితే గాని అది రాదు. పుస్తకం చదివి పరిశోధకులైనవారు అరుదు.

దారులు లేకపోలేదు. వైద్య, దంతవైద్య విద్యార్థులకు భారత వైద్య పరిశోధన మండలి 1979 నుంచి స్వల్పకాలిక పరిశోధన శిక్షణ ఇస్తున్నది: తన కళాశాలలోని ఒక అధ్యాపకుని మార్గదర్శకత్వంలో రెండు నెలల చిన్న అధ్యయనం. చెన్నైలో 1999లో ఏర్పడిన జాతీయ అంటురోగ విజ్ఞాన సంస్థ 2001 నుంచి క్షేత్రంలోనే నేర్పే పద్ధతిలో ఉన్నతశిక్షణ ఇస్తూ వచ్చింది. వైద్యవిద్య చదవనివారికి తలుపు మూసి ఉన్నదనుకోవడం మన కుటుంబాల్లో పాతుకొన్న అపోహ. ముంబయిలో 1956 నుంచి ఉన్న అంతర్జాతీయ జనాభా అధ్యయన సంస్థలో గణాంకశాస్త్రం, అర్థశాస్త్రం, సామాజికశాస్త్రం చదివినవారికి చోటున్నది. కుటుంబ ఆరోగ్య సర్వేను నడిపేదీ ఆ సంస్థే. హైదరాబాదులో 2008లో మొదలైన భారత ప్రజారోగ్య సంస్థ కూడా ఈ చదువు చెబుతున్నది. "ఎం.బి.బి.ఎస్. రాలేదు, ఇక బి.ఎస్సీ. చేసి ఏం లాభం" అని నిట్టూర్చే తల్లిదండ్రులు ఈ పేర్లను ఒకసారి రాసిపెట్టుకోవాలి.

భాష, నమ్మకం కలిసిన చోట ఎంత పని జరుగుతుందో ఒక ఉదాహరణ. 1987-90లో హైదరాబాదు సమీపంలోని 29 పల్లెల్లో జాతీయ పోషకాహార సంస్థ ఒక ప్రయోగం చేసింది. కొన్ని ఊళ్ళలో గర్భవతులకు, చిన్నపిల్లలకు రోజూ ఉప్మా వంటి అదనపు ఆహారం పెట్టారు. మిగిలిన ఊళ్ళలో అప్పటికి ఆ పథకం రాలేదు. అప్పుడు పుట్టిన పిల్లలను 2003-05లో, ఆ తరువాత కూడా వెదికి పట్టుకొని, చిన్ననాటి తిండి పెద్దయ్యాక గుండెకు, ఎముకకు ఏమి చేసిందో పరిశీలించారు. అదే ఇళ్ళకు దశాబ్దాల తరబడి మళ్ళీ మళ్ళీ వెళ్ళి, రక్తం ఇమ్మని అడిగి, కాదనిపించుకోకుండా రావడం పరాయి పలుకుతో సాధ్యమయ్యే పని కాదు.

మన సరిహద్దుల్లో ఇటువంటి ప్రశ్నలు ఎన్నో ఎదురుచూస్తున్నాయి. ఫ్లోరైడు నీటితో ఎముకలు వంగే జబ్బును 1937లో అప్పటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లా పల్లెల్లో గుర్తించారు. పావగడలో, కోలారులో, ధర్మపురిలో ఆ నీరు నేటికీ సమస్యే. కోలారు బంగారు గనులు 2001లో మూతపడినాయి గాని, సిలికా దుమ్ము పీల్చిన ఊపిరితిత్తుల్లో జబ్బు పని మానేసిన తరువాత కూడా ముదురుతుంది. సోలాపూరులో బీడీలు చుట్టే మన ఆడవాళ్ళు రోజంతా పొగాకు పొడిలో కూర్చుంటారు. ఉద్దానం మూత్రపిండాల జబ్బుకు కారణం ఇంకా తేలలేదు. ఇచ్ఛాపురం దాటి గంజాం వైపు తెలుగు ఊళ్ళలో అదే పద్ధతిలో పరీక్షలు జరిపి పోల్చాలంటే ఒడియా, తెలుగు రెండూ ఇంటిభాషలుగా ఎరిగిన పరిశోధకుడు కావాలి.

తెలుగు సంఘాలు ఏటా ఉగాదికి సన్మానాలు చేస్తాయి. శాలువాలతో పేచీ లేదు. ఆ వేదిక మీదికి వచ్చే మన వైద్యులను, సామాజిక వైద్య విభాగాల్లోని అధ్యాపకులను సంఘాలవారు ఒక్క మాట అడగాలి: ఈ ఏడాది మన జిల్లా నుంచి ఒక విద్యార్థిని మీ దగ్గర చేర్చుకుంటారా? ఆ విద్యార్థి ప్రయాణపు ఖర్చు, క్షేత్రంలో తిరిగే నెలల భోజనఖర్చు సంఘం భరిస్తుందని అక్కడే చెప్పాలి. తొలి పనిగా ఆ విద్యార్థి తన తాలూకాలో జబ్బులకు, నొప్పులకు, కాన్పులకు మన ఇళ్ళలో పలికే మాటలను సేకరించి, వాటిని ఆ రాష్ట్రపు లిపిలో, ఎదురుగా ఆ రాష్ట్ర భాషలోని అర్థంతో పట్టికగా రాయవచ్చు. మరుసటి సర్వే బృందం తాలూకాకు వచ్చినప్పుడు ఆ పట్టికను చేతికివ్వవచ్చు.